జరిమానా

ఏడాదికి రెండుసార్లే మా పుస్తకాల పడవ ఆ రేవు తొక్కేది,
మంచు కరిగాక ఒకసారి, మళ్ళీ మంచు పడబోయే ముందు ఒకసారి.
నార్వే సముద్రం కొండల్లోకి చొచ్చుకెళ్ళి అలిసిపోయిన చోట
మూడు ఇళ్ళు, నలభై గొర్రెలు, తారు వాసనేసే ఒక పడవల కొట్టం.
రేవు చివర గున్‌వోర్ నిలబడి ఉండేది,
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు,
చంకలో గుడ్డ చుట్టిన పుస్తకం, పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెలా.

మొదటి సంపుటం నేనే ఇచ్చాను.
ఉప్పుకోట రాజ్యంలో వంతెనలు కట్టే ఈల్వా కథ.
భుజాన సుత్తి, పళ్ళ మధ్య ఎప్పుడూ నాలుగు మేకులు.
డ్రాగన్ ఎదురైతే కత్తి దూయదు,
దాని బరువెంతో కంటితోనే లెక్కగట్టి
"నా వంతెన ఎక్కకు, పక్కనించి ఎగిరి పో" అంటుంది.
"పిల్లంటే ఇదీ" అంది గున్‌వోర్ పుస్తకం తిరిగిస్తూ.
ఆ వెంటనే నన్ను నిలదీసింది:
"ఐదువందల నలభై పేజీలు!
ఆ పటాలు గీసేవాడు చివరికి చేసిందేమిటి?
ఆమె తడి చేతితొడుగులు నిప్పు పక్కన ఆరబెట్టాడు.
దీనికా నేను చలికాలమంతా నిద్ర మానుకుంది?"
రెండోది మాత్రం ఆ నిమిషమే అడిగి పట్టుకుపోయింది.

రెండోదాంట్లో అతను ఆమె పేరు పలికాడు,
ఒక్కసారి, అదీ ఆమె లేని చోట.
మూడోదాంట్లో శత్రువుల చెరలో ఇద్దరికీ ఒకటే దుప్పటి, మధ్యన సుత్తి.
నాలుగోదాంట్లో, వంతెన ఏ ఒడ్డునించి మొదలెట్టాలని
డెబ్భై పేజీలు పోట్లాడుకున్నారు.
గున్‌వోర్‌కి అన్నిటికన్నా అదే నచ్చింది.
"మా ఆయన పోట్లాడేవాడు కాదు,
తలుపేసుకుని వెళ్ళిపోయేవాడు" అంది.
అని, గొర్రెల ఉన్ని ధర గురించి మాట్లాడింది.

మా ఇంజను చూసుకునే తూర్‌స్టైన్ సంగతి చెప్పలేదు కదూ.
మాటల్ని తూకమేసి అమ్మే మనిషి, అరువివ్వడు.
పెట్టెలు దించుతాడు, తాడు కడతాడు, కాఫీ తాగి కప్పు బోర్లిస్తాడు.
ఒక రాత్రి నాలుగో సంపుటం కనబడక వెతికితే
ఇంజను గదిలో నూనె డబ్బా వెనక దొరికింది,
మూడువందల పన్నెండో పేజీ మీద మసి వేలిముద్ర.
నేనేమీ అనలేదు.
ఆ వసంతంలో రేవులో పెట్టె దించుతూ
నీళ్ళతో చెప్పినట్టు చెప్పాడు:
"ఎడమ ఒడ్డునించే. అక్కడ రాయి గట్టిది."
"కుడి ఒడ్డు" అంది గున్‌వోర్, వెనక్కి తిరక్కుండానే.
పడవ ముప్పావుగంట ఆలస్యంగా బయల్దేరింది.

ఐదో సంపుటం మూడేళ్ళు రాలేదు. రాసేవాళ్ళూ నిదానమే.
ఆ మూడేళ్ళూ ఒడ్డు వాదన నడిచింది,
ఏడాదికి రెండు విడతలు.
"సరే, రాయి గురించి ఒప్పుకుంటాను, మరి ప్రవాహం?" అని ఆమె అడిగితే
ఆర్నెల్లు పోయాక అతను జేబులోంచి మడత కాగితం తీసేవాడు,
పెన్సిల్‌తో గీసిన వంతెన, మూలన చిన్న సుత్తి.
నివురుగప్పిన నిప్పంటారే,
నాకన్నేళ్ళూ నివురే కనబడింది. చూపు మందం నాది.

ఆఖరి సంపుటం ఆమె చేతిలో పెట్టిన శరత్తులోనే
జిల్లా కార్యాలయం నించి ఉత్తరం:
నిధులు లేవు, వచ్చే వసంతంతో పడవ ఆగిపోతుంది.

ఆ వసంతం గున్‌వోర్ ఒట్టి చేతులతో వచ్చింది.
"పుస్తకమేదీ?"
"ఇంకా ఇరవై పేజీలున్నాయి."
లావుపాటి సంపుటాన్ని మూడు రాత్రుల్లో మింగేసే మనిషి!
"ఇదే చివరి రాక, గున్‌వోర్."
"తెలుసు. రోజుకి జరిమానా ఎంత?"
చెప్పాను.
"రాసుకో. వసూలుకి ఎవరో ఒకరు రావాలిగా."
అంటున్నప్పుడు ఆమె నావైపు చూడటం లేదు.
తూర్‌స్టైన్, బాగానే కట్టిన తాడు విప్పి
మళ్ళీ మొదటినించీ కట్టడం మొదలెట్టాడు.

రిజిస్టరు ఇప్పుడు మా ఇంట్లో ఉంది, ఆ ఒక్క గీతా కొట్టెయ్యలేదు.
జరిమానా పుస్తకం వెల ఎప్పుడో దాటేసింది.
తూర్‌స్టైన్ చిన్న మరపడవ కొన్నాడట,
సెకండ్ హ్యాండ్‌ది, ఇంజను చెడిపోయింది.
అలాంటిది బాగుచెయ్యడానికి అతనికి రెండ్రోజులు చాలు.
ఏప్రిల్ నించి చేస్తున్నాడు.